లోపలి గుడ్డ

కొట్టు పైన గది,
వంతెన కడుతున్న వీధి.

అక్కకి,

చేరాను. బాగానే ఉన్నాను. ఇల్లు దొరికింది, కొట్టూ దొరికింది. రెండూ ఒకటే అనుకో. కింద మిషను, పైన మంచం, మధ్యలో నిటారుగా ఒక ఇనుప నిచ్చెన. అక్కడ మన కొట్టుకి కట్టే అద్దెతో ఇక్కడ కొట్టూ ఇల్లూ కలిపి వస్తాయని మన పాత ఖాతాదారుడు చెప్పినప్పుడు కోతలు కోస్తున్నాడనుకున్నాం కదా. నిజమే చెప్పాడు. కాకపోతే సగమే చెప్పాడు. ఇక్కడ ప్రతిదానికీ రెండు ధరలు, ఊరివాళ్ళకొకటి, నాకొకటి. టమాటాలమ్మే ఆవిడ నా ముందున్న మనిషికి రెండు వేళ్ళు చూపించి, నాకు మూడు చూపించింది. పరాయి దేశం నుంచి వచ్చినవాడి దగ్గర డబ్బు మూలుగుతూ ఉంటుందని వీళ్ళ నమ్మకం. నా చెప్పులు చూసినా ఆ నమ్మకం సడలడం లేదు.

పడుకునేటప్పుడు ఉన్న వీధి లేచేసరికి ఉండదు. నీళ్ళ పైపులకని తవ్వారు, పూడ్చారు, కరెంటు తీగలకని మళ్ళీ తవ్వారు. నేనొచ్చినప్పుడు ఎదురుగా ఒక గొయ్యి ఉండేది, ఇప్పుడక్కడ స్లాబు మీద స్లాబు లేస్తోంది. దుమ్ముకి తెల్లగుడ్డ ముట్టుకోవడమే మానేశాను. కానీ అక్కా, పని ఉంది. ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళంతా రెడీమేడ్ ప్యాంట్లు కొంటున్నారు. ఏ ఒక్కటీ ఏ ఒక్కడికీ సరిపోదు. అక్కడ మన కొట్టును మింగేసిన రెడీమేడ్ బట్టలే ఇక్కడ నాకు అన్నం పెడుతున్నాయి.

ఇంటాయన సంగతే తేలడం లేదు. నా నివాసం కాగితం తన బీరువాలో పెట్టుకున్నాడు. పోలీసులు అడిగితే తనే చూపించాలట. ఏడాది నిండకుండా దేశం దాటితే ఆ కాగితం చెల్లదనీ, మళ్ళీ అన్నీ మొదటికొస్తాయనీ నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక్కడ మెత్తటి నూలుగుడ్డ ఒకటి కనిపించింది, ముదురు ఆకుపచ్చ. నీకు జాకెట్టు కుట్టి పంపుతాను. ఆది జాకెట్టు ఒకటి పంపు.

నీ తమ్ముడు

*

బస్సు డిపో వెనక,
రెండో అంతస్తు.

తమ్ముడికి ఆశీస్సులు.

చేతిలో కాగితం లేనివాడు చేతులు కట్టేసినవాడితో సమానం. ఆ ఇంటాయన నవ్వాడంటేనే ఏదో ఉంది. బీరువా ఎక్కడుందో, తాళం ఎక్కడ పెడతాడో చూసి పెట్టుకో. దొంగతనం చెయ్యమనడం లేదు, చూసి పెట్టుకోమంటున్నాను. మూడు వేళ్ళు చూపించిన ఆవిడకి నువ్వు ఒక వేలు చూపించు, రెండు దగ్గర ఆగుతుంది. నాన్న నీకు కత్తెర పట్టడం నేర్పాడు గాని బేరం నాకే నేర్పాడు. అందుకే నువ్వు అక్కడ, నేనిక్కడ.

ఫోన్ చెయ్యొద్దని చెప్పాను, మళ్ళీ చేశావు. ఆ పెట్టెలో ముఖాలు చూపించుకోవడం నాకు పడదు. పైగా మనం మాట్లాడుకునేది మధ్యలో ఎంతమంది వింటారో. ఉత్తరం అయితే అంటించిన కవరు, ఎవడైనా విప్పితే తెలుస్తుంది.

ఆదితో పనేముంది? నా కొలతలు నీకు నోటికి వచ్చు. నాన్న పోయినప్పటి నుంచీ నువ్వే కుడుతున్నావు. నేను మారలేదు. మారేది మీ ఊళ్ళో మేడలు.

ఇక్కడ నాలుగు జాకెట్లు వస్తే మూడు కుడుతున్నాను. పక్కింటి టీచరమ్మకి రిటైరయ్యాక ఏం తోచడం లేదు, నేను ఎక్కడికి బయల్దేరినా తోడొస్తానంటుంది. ఎండలు తగ్గాక నీ దగ్గరికొచ్చి ఒక నెల ఉంటాను. ఆ నిచ్చెన ఎక్కగలనో లేదో చూడాలి.

మీ అక్క

*

కొట్టు పైన గది.

అక్కకి,

ఆకుపచ్చ జాకెట్టు ఈ ఉత్తరంతో పాటే పంపాను. నీకు కుట్టి చాలాకాలమైంది కనక చెయ్యి సంబరంగా ఆడింది. చూసి తిట్టు.

నీకొక సంగతి రాయాలి. ఎవరితోనైనా అందామంటే ఇక్కడి భాష నాకింకా ముక్కలుగానే వస్తోంది. ఒకావిడ ఉంది. నీలం గొడుగు లేకుండా కనిపించదు. మబ్బు పట్టినా అదే, నా కొట్టు చూరు కింద నిలబడ్డా అదే. మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు చూసి వస్తుంది. మొదటిసారి మగవాళ్ళ ప్యాంట్లు తెచ్చింది, నడుం దగ్గర బిగించమని పిన్నులు గుచ్చి మరీ తెచ్చింది. బిగించాను. కొన్నాళ్ళకి అవే ప్యాంట్లు మళ్ళీ తెచ్చింది. మళ్ళీ బిగించాను. నిన్న మూడోసారి.

నీకు తెలుసు కదా, ప్యాంటు నడుం వెనక కుట్టులోంచి ఎంత తీస్తే వెనక జేబులు అంత దగ్గరవుతాయి. ఇప్పుడా రెండు జేబులూ అక్కాచెల్లెళ్ళలా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఎవరూ అలా తొడుక్కుని తిరగరు, కొత్తది కొంటారు. పోనీ, మనిషిని తీసుకురా, ఒంటి మీద చూసి సరిగ్గా చేస్తానన్నాను. వచ్చిన నాలుగు ముక్కల్లోనే చెప్పాను. ఆవిడ గొడుగు కొంచెం కిందికి దించి, "ఆయనకి తీరదు" అంది. డబ్బిస్తూ, బిగించగా కుట్టు లోపల మిగిలిన గుడ్డ గురించి ప్రతిసారీ చెప్పే మాటే మళ్ళీ చెప్పింది. "లోపలి గుడ్డ కత్తిరించకు."

ఒంటి సంగతి మనిషి దాచినా చొక్కా దాచదని నాన్న అనేవాడు. ఆ మనిషి కరిగిపోతున్నాడక్కా. ఆవిడ మాత్రం చక్కగానే ఉంది.

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు.

తమ్ముడికి,

జాకెట్టు అందింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. టీచరమ్మ చూసి తనకీ కుట్టమంది, కుట్టడు అని చెప్పాను.

నీ ఉత్తరం చదివి అన్నం కలుపుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నీకు ఇంకా అర్థం కాలేదా? మొగుడు చిక్కిపోతుంటే ఏ పెళ్ళామైనా ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. దర్జీ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని ఇప్పుడే వింటున్నాను. జబ్బు చేస్తే నలుగురికీ చెప్పుకుని ఏడుస్తారు. చెప్పుకోవడం లేదంటే అది జబ్బు కాదు. అన్నంలో ఏదో కలుపుతోంది.

లోపలి గుడ్డ కత్తిరించొద్దని ఎందుకంటోందో ఆలోచించావా? ఈయన పోయాక ఆ ప్యాంట్లు విప్పించి తొడగడానికి ఇంకో లావుపాటివాడు ఎక్కడో సిద్ధంగా ఉన్నాడు. నవ్వకు. నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. మీ బావ బతికుండగా ఆయన ఆఫీసు వీధిలో ఇలాంటిది ఒకటి జరిగింది, అప్పుడూ అందరూ నవ్వారు.

అయినా నువ్వు పరాయివాడివి. నోరు జారితే నీ కాగితం ఉన్న బీరువా మూతపడుతుంది. ముందు కళ్ళు తెరుచుకుని చూడు, తర్వాత ఆలోచిద్దాం. ఆవిడ తెచ్చినవి ఏవైనా తినడానికి పెడితే ముట్టుకోకు.

మీ అక్క

*

కొట్టు పైన గది.

అక్కకి,

నిన్ను అనుమానించాల్సి వస్తోంది. నేను కత్తెర పట్టినప్పటి నుంచి నీకు ఎన్ని జాకెట్లు కుట్టానో లెక్కలేదు. చంక పట్టిందనో, మెడ జారిందనో, చెయ్యి పొట్టయిందనో అనకుండా నువ్వు ఒక్కటి తీసుకున్నది లేదు. ఇప్పుడు, కొలత తీసి ఏడాది కావొస్తుండగా, సముద్రాల అవతల నుంచి గుడ్డి లెక్కన కుట్టి పంపిస్తే అచ్చు గుద్దినట్టు ఉందా? ఆ జాకెట్టు తొడుక్కుని చూశావా అసలు? తమ్ముడు నొచ్చుకుంటాడని అన్నావు కదూ. నాకు నీ తిట్లే కావాలి. ఆది జాకెట్టు పంపు. రోజూ తొడుక్కునేది పంపు, పెట్టెలో దాచింది కాదు.

గొడుగావిడ విషయంలో నువ్వన్నది మొదట కొట్టిపారేశాను. కానీ అనుమానం చొక్కాలో దూరిన చీమ లాంటిది, ఎక్కడుందో తెలియదు, కుదురుగా కూర్చోనివ్వదు. మొన్న ఆవిడ చొక్కాలు తెచ్చింది. భుజాలు తగ్గించమంది. భుజం తగ్గించడమంటే చెయ్యి ఊడదీసి మళ్ళీ ఎక్కించడం, పెద్ద పని, వద్దని చెప్పాను. ఎంతైనా ఇస్తానంది. ఆ చొక్కాకి లోపల మెడ దగ్గర చెమట మరక లేదు. తొడుక్కున్న మనిషికి చెమటే పట్టడం లేదు. ఇంత ఎండలో.

అన్నట్టు నాకు భాష వస్తోంది. టమాటాల ఆవిడ రెండు వేళ్ళ దగ్గరికి దిగింది. ఇంటాయన మనవరాలు వీధి గడప మీద కూర్చుని పాఠాలు గట్టిగా చదువుతుంది, నేను మిషను తొక్కుతూ వెనకాలే అంటాను. గొడుగావిడకి మాత్రం ఇంకా రానట్టే ఉంటున్నాను. నాకేమీ తెలియదనుకుంటే ఎప్పుడైనా నోరు జారుతుందేమోనని.

ఆవిడ ఇంట్లోంచి వచ్చేటప్పుడు ముందు కిటికీలోంచి వీధి అటూ ఇటూ చూసి దిగుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

ఎండలు తగ్గాయి. ఎప్పుడొస్తున్నావు?

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు.

తమ్ముడికి,

ఆది పంపుతున్నాను. రోజూ తొడుక్కునే మట్టిరంగుదే. నీ కుట్టే, గుర్తుపట్టు. ఇక నన్ను అనుమానించడం మానేసి అనుమానించాల్సినవాళ్ళని అనుమానించు.

రావడం ఇప్పుడు కుదరదు. పెళ్ళిళ్ళ జాకెట్లు ఒప్పుకున్నాను, టీచరమ్మ మోకాళ్ళ నొప్పులకి ఆసుపత్రి చుట్టూ తిరగాలి, నేను తోడు. ఆసుపత్రిలో కుర్చీలన్నీ ఇనుపవి, నడుం పడిపోతోంది. నీ ఏడాది నిండి కాగితం చేతికి వచ్చాక చూద్దాం. మధ్యలో నువ్వు రావాలనుకోకు. ఇంతదాకా వచ్చి ఒడ్డున పడవ ముంచుకుంటావా?

చెమట మరక లేదన్న మాట చదివాక నాకు నిద్ర లేదు. ఒరేయ్, చూస్తూ ఊరుకుంటే ఆ పాపంలో మనకీ వాటా ఉంటుంది. నేనయితే ఎప్పుడో అడిగేసేదాన్ని. పోలీసుల దగ్గరికి వెళ్ళకు, వాళ్ళు ముందు నీ కాగితం అడుగుతారు. ఆయన ఎక్కడ పని చేస్తాడో కనుక్కో. అక్కడ ఒక పెద్దమనిషి ఉండకపోడు. చెవిలో ఒక్క మాట వెయ్యి, చాలు. వాళ్ళే చూసుకుంటారు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

మనిషి కళ్ళెదుట తరిగిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్ళకి కనపడదా అని నాకు ఆశ్చర్యం. కనపడదు కాబోలు.

మీ అక్క

*

కొట్టు పైన గది.

అక్కకి,

చెప్పేశాను.

ముందు ఆయన్ని చూశాను. వీధి చివర కంపెనీ బస్సు ఆగుతుంది, లిఫ్టులు బిగించే కంపెనీ. పొద్దున్నే కొట్టు తియ్యకుండా వెళ్ళి, టీ బండి పక్కన నిలబడ్డాను. గొడుగావిడ బస్సు దాకా రాలేదు, మలుపులోనే ఆగిపోయింది. ఆయన ఒక్కడే నడిచి వచ్చాడు. నా కుట్టు కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టాను. బట్టలు ఒంటికి అతికినట్టున్నాయి, దర్జీగా గర్వపడాల్సిందే. చొక్కా కింద ఇంకో చొక్కా తొడుక్కున్నాడు, దాని కింద మూడోది ఉందేమో కూడా. బుగ్గలు లోపలికి పోయాయి. బస్సు మెట్టు మీద కాలు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని, కడ్డీ రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మలుపులో ఆవిడ. ఆయన బస్సెక్కేదాకా కన్నార్పకుండా చూసి, హమ్మయ్య అన్నట్టు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు బస్సు దగ్గర పేర్లు చూసుకునే పెద్దమనిషి టీకి ముందే వచ్చాడు. ఆయన పక్కన నిలబడి చెప్పాను. "మీ మనిషి ఒకాయన చాలా చిక్కిపోయాడు. ఇంట్లో ఏదో సరిగా లేదు. మీరు ఒకసారి డాక్టరుకి చూపించండి." ఆ మాటలు ఇంటాయన మనవరాలి దగ్గర ముందే సరిచూసుకున్నాను, దేనికని చెప్పలేదు. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఈ దేశంలో నేను మొదటి నుంచి చివరిదాకా పట్టు తప్పకుండా మాట్లాడిన మొదటి మాటలు అవేనక్కా. పెద్దమనిషి నా భుజం తట్టాడు. నువ్వు మా భాష బాగా మాట్లాడుతున్నావు అన్నాడు.

కొట్టుకి తిరిగొచ్చి చాలాసేపు మిషను తొక్కలేదు. మంచిపనే చేశాను కదా?

ఆది అందింది. అరలో పెట్టాను. ఈ గొడవ తేలాక కుడతాను.

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు.

తమ్ముడికి,

మంచిపనే చేశావు. నాన్న ఉంటే అదే అనేవాడు. ఇక ఆవిడ కొట్టుకి వస్తే మామూలుగా ఉండు, ముఖంలో ఏమీ కనబడనివ్వకు. అది నీకు చేతకాదు, నాకు చేతనవును.

ఈసారి చిన్న ఉత్తరం. చేతికి సూది గుచ్చుకుంది.

అక్క

*

కొట్టు పైన గది.

అక్కకి,

ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఏమీ అనుకోకు. చదివాక కూడా కోప్పడకు. కోప్పడాల్సింది నేను.

గొడుగావిడ వచ్చింది. పట్టపగలు, వీధి నిండా జనం ఉండగా, గొడుగు లేకుండా. బల్ల ముందు నిలబడింది. "నీకు భాష వచ్చిందట కదా" అంది. నేను తలవంచుకుని దారం ఎక్కిస్తున్నట్టు నటించాను.

"ఈ వీధిలో దర్జీలు చాలామంది ఉన్నారు. నీకంటే తక్కువకే చేస్తారు, నీకంటే దగ్గరగా ఉన్నారు. నీ దగ్గరికే ఎందుకొచ్చానో తెలుసా? నువ్వు పరాయివాడివి. నీకు ఎవరూ తెలియదు. ఎవరికీ ఏమీ చెప్పలేవు. ఆ ధైర్యంతో వచ్చాను."

ఆయనకి జబ్బే అక్కా. పెద్ద జబ్బు. కంపెనీలో ఈ ఏడాది చివరికి ఉద్యోగం ఖాయమవుతుంది. ఖాయమైతే తీసెయ్యడానికి లేదు, వైద్యం ఖర్చంతా వాళ్ళదే. ఖాయం కాకముందే జబ్బని తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపుతారు. ఇంకా కాస్త నెట్టుకొస్తే గట్టెక్కేవాళ్ళు. బట్టలు వదులైతే మనిషి చిక్కాడంటారు, బిగువుగా ఉంటే సన్నబడ్డాడంటారు, అంతే తేడా అంది ఆవిడ. ఆ తేడా కోసమే నా దగ్గరికి వచ్చేది. కిటికీలోంచి అటూ ఇటూ చూసేది ఆ కంపెనీవాళ్ళు ఇదే వీధిలో ఉన్నారని. బస్సు పెద్దమనిషి నా మాట విని మంచి మనసుతోనే ఆయన్ని కంపెనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం ఆయన బస్సులో కాదు, ఆటోలో ఇంటికి వచ్చాడు.

నేను కాళ్ళ మీద పడాలనుకున్నాను. "నేను విషం అనుకున్నాను" అన్నాను. ఇంకేం చెప్పను. ఆవిడ తిట్టలేదు. "మా ఇంట్లో అందరికంటే ఎక్కువ దగ్గరగా ఆయన్ని చూసింది నువ్వే. నువ్వే ఇలా అనుకున్నావా" అని వెళ్ళిపోయింది.

బస్సు పెద్దమనిషి దగ్గరికి పరిగెత్తాను, నాది పొరపాటన్నాను. ఆయన మళ్ళీ భుజం తట్టి, నువ్వు చాలా మంచిపని చేశావయ్యా, లేకపోతే మాకు తెలిసేది కాదు అన్నాడు. కంపెనీ గేటు దగ్గర నిలబడ్డాను, లోపలికి రానివ్వలేదు. నా భాష అక్కడ పనికి రాలేదు.

మర్నాడు గొడుగావిడ మొగుడే వచ్చాడు. ప్యాంట్లన్నీ మూట కట్టి తెచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. "బాగా కుడతావు. నీ చలవ వల్లే ఇన్నాళ్ళు నడిచింది" అన్నాడు. ఆ మాట నన్ను ఎక్కడ కోసిందో నీకు చెప్పలేను. "ఇంక బిగువు అక్కర్లేదు. అన్నీ వదులు చేసెయ్. కుట్లు ఒరుసుకుంటున్నాయి."

ఆయన ఎదురుగానే విప్పాను. ఒక్కో కుట్టు విప్పుతుంటే లోపలి గుడ్డ బయటికి వచ్చింది, వెలిసిపోని రంగుతో, కొత్తగా. నేను వేసిన కుట్లు ఒకదాని పక్కన ఒకటి సూదిబెజ్జాల వరసలై కనిపించాయి. ఒక్కో వరస ఆయన తరిగినంత. కత్తిరించొద్దని అందుకే అనేదా మీ ఆవిడ అన్నాను. ఆయన నవ్వాడు. "అది దాని పిచ్చి. నేను మళ్ళీ ఒళ్ళు చేస్తాననీ, అప్పుడు విప్పుకోవచ్చనీ."

విప్పిన ప్యాంట్లు తడిపి, ఇస్త్రీ పెట్టె కోసం అర దగ్గరికి వెళ్ళాను. అక్కడ నీ ఆది ఉంది.

అక్కా, నువ్వు నా కంటే నేర్పరివి. బిగించుకున్న కుట్లు విప్పావు, నీళ్ళు చల్లావు, ఇస్త్రీ చేశావు, పాత గీత మీదే మళ్ళీ కుట్టావు. అచ్చం నా కుట్టులాగే ఉంది. కానీ రెండు పక్కల్లోనూ ఆ కుట్టుకి లోపలి వైపున సూదిబెజ్జాలు ఇంకా మూసుకోలేదు. ఒక వరస కాదు. మూడు. ఆ వరసల మధ్య గుడ్డ వెలిసిపోలేదు. ఇంతసేపూ పరాయివాళ్ళ ప్యాంట్లలో నేను చూస్తున్నది అదే. చంకల దగ్గర కూడా తగ్గించావు. అంత తగ్గించాలంటే మనిషి ఎంత తగ్గాలో నాకు తెలుసు, నీకూ తెలుసు.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోన్లో ముఖం చూపించనన్నావు. జాకెట్టు అచ్చు గుద్దినట్టుందన్నావు. వస్తానని మానేశావు. టీచరమ్మకి మోకాళ్ళ నొప్పులన్నావు, ఆసుపత్రి ఇనుపకుర్చీల్లో నడుం పడిపోయింది మాత్రం నీకు. జబ్బు చేస్తే నలుగురికీ చెప్పుకుని ఏడుస్తారని నువ్వే రాశావు. మనిషి కళ్ళెదుట తరిగిపోతుంటే కనపడదా అని కూడా నువ్వే రాశావు. ఆ వాక్యం చదివి నేను గొడుగావిడ గురించే అనుకున్నాను. పరాయి ఆడదాన్ని విషం పెట్టేదనుకున్నాను. నా సొంత అక్కని నమ్మేశాను.

నేను వస్తున్నాను. ఏడాది నిండలేదని రాయకు. ఇంటాయనకి చెప్పాను. బీరువా తీసి కాగితం నా చేతిలో పెట్టి, దేశం దాటితే ఇది చిత్తుకాగితమే, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకున్నానన్నాను. మిషనుకి గుడ్డ కప్పి ఉంచుతాడట. ఎన్నాళ్ళు ఉంచుతాడో, నేను అటు తిరగ్గానే అమ్మేస్తాడో తెలియదు. ఈసారికి అనుమానించను, నాకు ఓపిక లేదు.

ఈలోగా గొడుగావిడ మొగుడి బట్టలన్నీ వదులు చేసి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. గొడుగావిడ తలుపు తీసింది. మూట తీసుకుంది, డబ్బు ఇవ్వబోయింది, నేను తీసుకోలేదు. లోపలికి రమ్మనలేదు. రమ్మనాల్సిన పని లేదు.

ఇప్పుడు నువ్వు రాయి. ఏమిటో, ఎప్పటి నుంచో, డాక్టరు ఏమన్నాడో. దాచకుండా.

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు.

ఒరేయ్ తమ్ముడూ,

బెజ్జాలు మూసుకునేలా తడి గుడ్డతో ఇంకోసారి ఇస్త్రీ చెయ్యమని టీచరమ్మ చెప్పింది. చాల్లే, వాడు చూడడు అన్నాను. నిన్ను తక్కువ అంచనా వేశాను.

కడుపులో గడ్డ. నువ్వు వెళ్ళిన నెల నుంచీ. ఆపరేషను చేస్తే తగ్గుతుందంటున్నాడు పెద్ద డాక్టరు. వాడి గది చూస్తే పెద్ద అద్దాలు, పెద్ద కుర్చీ, నాకు నమ్మకం కుదరలేదు. చిన్న డాక్టరు కూడా అదే అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను. మూడో ఆవిడ కూడా అదే అంది. కత్తి పెట్టేముందు సొంతవాళ్ళ సంతకం కావాలట. టీచరమ్మ పెడతానంది, వాళ్ళు ఒప్పుకోలేదు. నిన్ను పిలిస్తే నీ కాగితం పోతుంది. అందుకని నీ ఏడాది నిండేదాకా బిగించుకుంటూ వచ్చాను. ఆవిడ మొగుడికి చేసిందే నేను నాకు చేసుకున్నాను. అయినా ఆవిడ చేస్తుంటే విషం అన్నాను. దర్జీ ఇంట్లో పుట్టి ఆ మాత్రం ఆలోచన రాలేదు. వచ్చే ఉంటుంది. రాకుండా చూసుకున్నాను.

ఆవిడ మీద నీ చేత చెప్పించింది నేను. నీ మీద వేసుకోకు. బాగయితే నీతో పాటు వచ్చి ఆవిడ గుమ్మం ముందు నేనే నిలబడతాను. తలుపు తీసినా తియ్యకపోయినా.

రావొద్దని రాయను. రా. తొందరగా రా. నాకు భయంగా ఉంది.

ఆకుపచ్చ జాకెట్టు వదులై భుజం మీద నిలవడం లేదు. అది మొదటి రోజే తెలుసు. ఆసుపత్రికి నాకు రెండు కావాలి, వచ్చేటప్పుడు గుడ్డ తీసుకురా, ఇక్కడ కూర్చుని నా ఎదురుగా కుట్టు. కొలతలు కొత్తగా తీసుకో, నోటికి వచ్చినవి మర్చిపో. లోపలి గుడ్డ మాత్రం కత్తిరించకు. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకుంటాను.

మీ అక్క